మూడో గదికీ నలభై ఒకటో గదికీ మధ్య

మా పిన్ని యూనివర్సిటీ పెద్దాఫీసులో ఊడ్చి తుడిచే పని చేస్తుంది. పోయినేటి నుంచి నేనూ అదే పని చేస్తున్నాను. పొద్దున ఏడింటికి వెళ్తాం. ఆఫీసువాళ్ళు వచ్చేలోపు కింది అంతస్తు అయిపోవాలి. నాకు కుడివైపు వసారా, మూడో గది, నలభై ఒకటో గది ఇచ్చారు. ఆ రెండు గదులూ పక్కపక్కనే ఉంటాయి.

మూడు పక్కన నలభై ఒకటి ఏమిటని కొత్తవాళ్ళందరూ అడుగుతారు. అక్కడ గదులకి అంకెలు కట్టిన వరుసలో వేశారు. మొదట ఎనిమిది గదులే. తర్వాత పరీక్షల విభాగం కోసం పై అంతస్తు లేపారు. ఆ తర్వాత పక్కన ఒక రెక్క, వెనక ఒక రెక్క కలిపారు. కలిపినప్పుడు వెనక వసారా లోపలికి వచ్చేసింది. అందుకని కొన్ని కిటికీలు తెరిస్తే ఆకాశం కనపడదు, ఇంకో గుమాస్తా వీపు కనపడుతుంది. పెంచిన ప్రతిసారీ గుమ్మం పక్కన ఒక శిలాఫలకం పెట్టారు. మూడున్నాయి. నాలుగోది చెక్కుతున్నారట.

"ఇందులో చేరినవాడికి దారులు తెలిసేసరికి రిటైరైపోతాడు" అంటుంది పిన్ని.

మూడో గది గుమ్మానికీ నలభై ఒకటో గది గుమ్మానికీ మధ్య బారెడు రాతిగోడ ఉంది. దానికి నడుము ఎత్తులో సన్నటి సందు, సందుకి ఇత్తడి మూత. పైన రాతిలో చెక్కిన అక్షరాలు: అర్జీలు ఇందులో వేయవలెను. ప్రతి శనివారం ఆ మూతని తళతళలాడేట్టు తోమాలి. ఇదివరకు పిన్ని తోమేది. ఇప్పుడు నేను తోముతున్నాను.

పోయినేడు నా అర్జీ వేసింది అందులోనే.

ఆ రోజు ఊరి నుంచి ఒక్కదాన్నే వచ్చాను. కౌంటర్ దగ్గర పెద్ద వరుస ఉంది. లోపలి గుమాస్తా ఒకమ్మాయిని "నోరు విప్పి చెప్పమ్మా, నాకు కలలో చెబుతావా?" అని అరుస్తున్నాడు. అందరూ నవ్వారు. నేను వరుసలోంచి పక్కకి వచ్చేశాను. వసారా చివర ఈ మూత కనపడింది. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. కవరు లోపలికి తోశాను. అందులో నా మార్కుల లిస్టు, టీసీ, అన్నీ అసలువే ఉన్నాయి.

సీట్ల జాబితాలో నా పేరు రాలేదు. పిన్ని నన్ను వెంటపెట్టుకుని వెళ్ళి అడిగింది. గుమాస్తా మూడో గదిలోకి తీసుకెళ్ళి చూపించాడు. గోడ. నలభై ఒకటో గదిలోకి తీసుకెళ్ళాడు. అటూ గోడే.

"ఆ మూత అందానికి పెట్టిందమ్మా. వెనకాల పెట్టె లేదు, ఏమీ లేదు. నీ కవరు గోడలోకి దూరిందా?" అన్నాడు.

అసలు కాగితాలు లేకుండా ఇంకెక్కడా అర్జీ పెట్టుకోవడానికి లేదు. నకళ్ళు కావాలంటే పోయినట్టు పోలీసు కాగితం తెమ్మన్నారు బడిలో. ఎక్కడ పోయాయని స్టేషన్‌లో అడిగారు. గోడలో అన్నాను. వాళ్ళూ నవ్వారు.

నాన్న నవ్వలేదు. "వరుసలో నిలబడటానికి భయపడి ఎక్కడో పారేసుకున్నావు. ఆ మాట చెప్పడానికి కూడా భయమే" అన్నాడు. అంతే. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. మిగతా వాటి ఊసు కూడా పెద్దగా ఎత్తలేదు. నన్ను పిన్ని దగ్గరికి పంపించాడు. ఆదివారాలు ఫోన్ చేస్తే "ఊఁ" అంటాడు.

ఈ ఏడు నాలుగోసారి పెంచడం మొదలుపెట్టారు. కుడివైపు మీద ఇంకో అంతస్తు వేస్తున్నారు. గురువారం పొద్దున నేను వసారా తుడుస్తుంటే ముసలి మేస్త్రి, సూపర్‌వైజర్ ఆ మూత దగ్గర నిలబడి మాట్లాడుకుంటున్నారు. మేస్త్రి ఈ బిల్డింగుని రెండోసారి పెంచినప్పటి నుంచీ ఇక్కడే పని చేస్తున్నాడు. కళ్ళజోడుకి ఒక కాడ విరిగితే దారం కట్టుకున్నాడు.

"ఈ రెండు గదుల మధ్య జానెడున్నర ఖాళీ ఉంది సార్. పైన బరువు పడుతుంది కాబట్టి నింపెయ్యాలి. సోమవారం పైనుంచి కాంక్రీటు పోసేస్తాం" అన్నాడు మేస్త్రి.

గుడ్డ పిండుతున్న నా చేతులు ఆగిపోయాయి. ఖాళీ ఉంది అన్నాడు. సోమవారం అన్నాడు. అడగాలనుకున్నాను. వాళ్ళు వెళ్ళిపోయారు. నేను అదే బండని మళ్ళీ తుడిచాను.

పిన్నికి చెప్పాను. "నువ్వు చెప్పవా?" అన్నాను.

"నేను చెబితే మళ్ళీ నవ్వి పంపించేస్తారు. వేసింది నువ్వు. వెళ్ళి నువ్వే చెప్పు. ఎన్నాళ్ళని నా కొంగు వెనకాల నిలబడతావే?"

నోటితో చెప్పలేనని శుక్రవారం నా డైరీ తీసుకెళ్ళాను. మేస్త్రి మెట్ల మీద కూర్చుని నీళ్ళు తాగుతున్నాడు. పోయినేడు రాసిన పేజీ తెరిచి ఆయన ముందు పెట్టాను.

"ఏంటమ్మాయ్, సంతకమా?" అన్నాడు. కళ్ళజోడు సర్దుకుని పైకే చదివాడు. "పదకొండున్నరకి కవరు వేశాను. చప్పుడు కొంచెం ఆలస్యంగా వచ్చింది."

అక్కడ ఆగాడు.

"ఆలస్యంగా అంటే ఎంత?"

"మనసులో ఒకటి అనుకునేంత, తాతా."

ఆయన లేచి వసారాలోకి వచ్చాడు. కింద నుంచి కంకర రాయి ఒకటి తీసి మూత ఎత్తి లోపలికి వదిలాడు. ఇద్దరం చెవులు పెట్టి విన్నాం.

"ఒకటి" అన్నాడు మేస్త్రి.

కాసేపు మూతని పైకీ కిందకీ ఆడించాడు. అది చప్పుడు చేయకుండా ఆడింది.

"దీన్ని ఇక్కడ పెట్టింది నేనేనమ్మాయ్" అన్నాడు. "మొదట్లో ఇది ముందు గుమ్మం పక్కన ఉండేది, వెనకాల పెట్టెతో సహా. పక్క రెక్క కట్టినప్పుడు ఆ గోడ తీసేశాం. పాత వస్తువు, బాగుంది, ఎక్కడో ఒకచోట పెట్టెయ్ అన్నారు అప్పటి ఆఫీసు పెద్దాయన. ఈ ఖాళీకి అడ్డంగా కట్టిన గోడలో పెట్టేశాను. మూత కదలకుండా బిగించమన్నారు. కదలని మూత మూతేమిటని నేనే నూనె వేశాను. నా పనితనం చూసుకుని మురిసిపోయాను కూడా." మూత వదిలేశాడు. "గోడలకి చెవులుంటాయంటారు. దీనికి నేను నోరు పెట్టాను, కడుపూ పెట్టాను."

నవ్వాలని తెలుసు గాని రాలేదు.

"సోమవారం ఎన్నింటికి పోస్తారు?" అన్నాను.

"పొద్దున పదింటికి మిషన్ వస్తుంది."

మేస్త్రి వెళ్ళి అడిగితే సూపర్‌వైజర్ ఒప్పుకోలేదు. కాగితాల కోసం పాత రాతిగోడ పగలగొట్టడమేంటన్నాడు. "కొండని తవ్వి ఎలుకని పట్టమంటావా?"

"ఎలుకలూ ఉంటాయి సార్. అడుగున చెత్త ఉంచి పైన కాంక్రీటు పోస్తే నిలవదు. రేపు పగుళ్ళు వస్తే మీ పేరు చెబుతారా, నా పేరు చెబుతారా? అడుగు శుభ్రం చేయడం నా పని. రెండు రాళ్ళు తీసి, మళ్ళీ నేనే పెడతాను."

శనివారం మధ్యాహ్నం ఆఫీసు ఖాళీ అయ్యాక మేస్త్రి నేలకి ఆనుకుని ఉన్న రాళ్ళు రెండు తీశాడు. ఉలి దెబ్బకీ దెబ్బకీ మధ్య చాలాసేపు ఆగాడు. పిన్ని చీపురు పట్టుకుని నా పక్కనే నిలబడింది. రంధ్రంలోంచి పాత సున్నం వాసన వచ్చింది. అడుగు నేలకంటే ఇంకా కిందకి ఉంది. మేస్త్రి బోర్లా పడుకుని భుజం దాకా చెయ్యి పెట్టాడు.

మొదట బస్సు టిక్కెట్లు వచ్చాయి. బిస్కెట్ పొట్లం కాగితాలు. కలం మూత. చెదలు తినేసిన కవరు ఒకటి. పట్టుకుంటే పొడి అయింది. ఇంకొకటి. ఇంకొకటి. అన్నీ కలిపి పదకొండు.

నాది పాడవకుండా, ప్లాస్టిక్ సంచిలో ఉంది. వాన పడుతుందని నాన్న ఆ రోజు కవరుని సంచిలో పెట్టి పురికొసతో కట్టాడు. నాన్న మిల్లులో గోతాల మూతులు కుట్టే పని చేస్తాడు. ఆయన ముడి ఇంకెవరికీ రాదు. ముడి అలాగే ఉంది.

"ఏడవ్వే" అంది పిన్ని. తను ఏడుస్తోంది.

నాకు రాలేదు. సంతోషం కూడా రాలేదు. సంచి మీద దుమ్ము తుడిచాను. చేతిలో గుడ్డ ఉంది కాబట్టి తుడిచాను.

సోమవారం మిగతా కవర్లు తపాలా విభాగంలో ఇచ్చాను. అక్కడాయన పొడి కాకుండా మిగిలిన వాటన్నిటి మీదా ఆ రోజు తేదీతో ముద్ర కొట్టాడు. ఒక కవరు మీద ఇరవయ్యేళ్ళ కిందటి తేదీ ఉంది. దాని పక్కనే కొత్త ముద్ర పడింది.

కొత్త అర్జీలకి బుధవారం ఆఖరు. నేను సోమవారమే వరుసలో నిలబడ్డాను. నా ముందు పద్నాలుగు మంది. వంతు వచ్చింది. అదే గుమాస్తా. నన్ను రోజూ చూస్తాడు, నేను ఊడ్చే గదిలోనే కూర్చుంటాడు. కాని తల ఎత్తలేదు.

"కాగితాలు."

సంచి ముందుకి జరిపాను. ఆయన ముడి చూసి సొరుగులోంచి కత్తెర తీశాడు.

"కత్తిరించకండి" అన్నాను.

వెనకవాళ్ళు కూడా విన్నారు. గుమాస్తా తల ఎత్తాడు. నన్ను చూశాడు, సంచిని చూశాడు, దాని మూలల్లో ఇంకా ఉన్న సున్నాన్ని చూశాడు.

"ఇది... గోడలోదా?"

"అవును సార్."

కత్తెర సొరుగులో పెట్టేశాడు. నేను గోళ్ళతో విప్పాను. చాలాసేపు పట్టింది. వెనకాల ఎవరో "ముడి విప్పుతోందా, పెళ్ళి చేసుకుంటోందా?" అన్నారు. నవ్వులు వినపడ్డాయి. నేను విప్పుతూనే ఉన్నాను. అప్పుడే బయట కాంక్రీటు మిషన్ తిరగడం మొదలైంది. బల్ల మీద కాగితాలు వణికాయి. గుమాస్తా వాటి మీద అరచెయ్యి పెట్టి ఒక్కొక్కటే చూసి, నంబరు వేసి, రసీదు చింపి ఇచ్చాడు.

నాన్నకి ఫోన్ చేశాను. ఆదివారం కాదు కాబట్టి వెంటనే ఎత్తాడు.

"ఏమైంది?"

"దొరికింది నాన్నా. కౌంటర్‌లో ఇచ్చేశాను."

"ఎక్కడ దొరికింది?"

"గోడలో."

మిల్లు చప్పుడు వినపడుతోంది.

"సంచి?" అన్నాడు.

"తడవలేదు. నువ్వు కట్టిన ముడి అలాగే ఉంది. నేనే విప్పాను."

మళ్ళీ మిల్లు చప్పుడు. వసారాలో మేస్త్రి పైకి చూస్తూ "ఇంకాస్త, ఇంకాస్త" అని కేక వేస్తున్నాడు. మూత సందులోంచి బూడిదరంగు నీళ్ళు సన్నగా కారుతున్నాయి. అవి ఎండకముందే నేను వెళ్ళి తుడవాలి.

"ఆ పురికొస పారెయ్యకు" అన్నాడు నాన్న.

"లేదు. జేబులో ఉంది."

"ఊఁ" అన్నాడు.