సూదిమొన మీద కెలోరా

నేను ఒక పేర్లు చెక్కే మిషన్ని. గుప్పెట్లో ఇమిడే ఒళ్ళు, చివర ఒక సూదిమొన. కరెంటు పెడితే క్షణం కుదురుగా ఉండను. మద్రాసులో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. తెనాలిలో సినిమాహాలు పక్కన బల్ల వేసుకున్న పీరయ్య చేతిలో పన్నెండేళ్ళు వణికాను. అతని చూపు మందగించాక స్టీలు సామాన్ల కొట్టు గోవర్ధనరావు దగ్గరికి చేరాను. లేజరు మిషను వచ్చాక అటకెక్కాను. నా వ్యాపారానికి ఒకటే షరతు: గీసింది వాపసు లేదు. మనుషులు మాట మారుస్తారు, గిన్నె మీది పేరు మార్చలేరు. విడిపోయిన అన్నదమ్ములు నా గీతలు చూపించే బిందెలు పంచుకున్నారు.

గోవర్ధనరావుకు ఇది బాగా తెలుసు. అందుకే బారసాలలో పంచే స్టీలు డబ్బాల మీద ఇంటిపేరు, తేదీ ముందే చెక్కి, పిల్ల పేరు చోటు మాత్రం చివరిరోజు దాకా ఖాళీగా ఉంచేవాడు.

శేషారత్నమ్మగారి నూరు డబ్బాలూ అలాగే ఉన్నాయి. మనవరాలికి తన అత్తగారి పేరు, కోటేశ్వరి అని ఆవిడ ఎప్పుడో చెప్పి ఉంచింది. రేపు బారసాల అనగా వచ్చి స్టూలు మీద కూర్చుంది. నేను మొదటి డబ్బా మీద ఆనబోతుండగా కొడుకు నిఖిలేష్ స్కూటరు దిగి వచ్చాడు.

"ఆగండి బాబాయ్. పేరు కెలోరా."

"అదేం పేరురా, దగ్గు మందులాగా?" అంది తల్లి.

"ఫోనులో ఒక ఆట ఉందమ్మా. అందులో అమ్మాయి."

"ఆటలో బొమ్మ పేరు ఇంటి పిల్లకా? రేపు చుట్టాలకి ఏమని చెప్పను?"

గోవర్ధనరావు నన్ను ఆపలేదు, ఆనించనూ లేదు. అతని వేళ్ళ మధ్య గుయ్యిమంటూనే ఉన్నాను.

నిఖిలేష్ గొంతు తగ్గించాడు. "నీ కోడలికి రెండుసార్లు కడుపు పోయింది. ఈసారి ఐదు నెలలు మంచం దిగొద్దన్నారు. హిమజ గోడవైపు తిరిగి ఏడుస్తుంటే ఆ ఆట నేనే ఇచ్చాను. కెలోరా కొండెక్కుతూ పడిపోతుంది. పడ్డచోటి నుంచే మళ్ళీ ఎక్కాలి. రోజూ కొంచెం ఎక్కించేది. పైకి చేరిన వారానికి నొప్పులొచ్చాయి. ఈ పేరు సంగతి నీకు చెప్పడానికి భయపడిందమ్మా."

శేషారత్నమ్మ కొంగుతో డబ్బా మూత తుడిచింది. తుడిచిందే తుడిచింది.

"అన్నం పట్టుకెళ్ళినప్పుడల్లా ఆ ఫోను లాక్కునేదాన్ని, కళ్ళు పోతాయని," అంది.

"వదినగారూ, వేశాక చెరపడం నా వల్ల కాదు. ఇంటికెళ్ళి మాట్లాడుకుని రండి," అన్నాడు గోవర్ధనరావు.

"వద్దులే. మా అత్తగారికీ ఇద్దరు పోయారు. ఆవిడేమీ అనుకోదు. ఏదీ, ఇంకోసారి చెప్పరా."

"కెలోరా."

"కెరోలా."

"కెలోరా అమ్మా."

"రేపు పిల్ల చెవిలో చెప్పాల్సింది నేను. తప్పు చెప్పానంటే నీ పెళ్ళాం జన్మంతా దెప్పుతుంది. నువ్వు వెయ్యి గోవర్ధనం."

నేను ఒక్కో డబ్బా మీద గీస్తుంటే ఆవిడ ఒక్కోసారి పలికింది. ముప్పయ్యో డబ్బా దాకా నాలుక తడబడుతూనే ఉంది. అరవయ్యో దాని దగ్గర మంచినీళ్ళు అడిగింది. నూరో డబ్బాకు కొడుకు వైపు చూడకుండానే చెప్పింది. గోవర్ధనరావు స్విచ్చి ఆపాడు. నా ఒళ్ళు చల్లబడుతోంది. ఆవిడ మాత్రం మెట్లు దిగి ఆటో ఎక్కేదాకా గొణుక్కుంటూనే ఉంది: కెలోరా, కెలోరా.