ఒక గది, మూడు కార్యాలయాలు

టెల్మాంట్‌లో బీమా అవసరమైనవారు ఎవరైనా మెయిన్ వీధిలోని వెర్డెల్ హగిన్స్ గదికే వెళ్తారు. ఒకే గది, ఒకే బల్ల, ఒకే తలుపు. ఆమె మాత్రం మూడు కంపెనీలకు ఏజెంటు. ఇళ్ల బీమా ఒక కంపెనీది, కార్ల బీమా మరొకదానిది, అంత్యక్రియల బీమా మూడవదానిది. గత ఏప్రిల్‌లో, గాలివానలు మొదలైన వారంలోనే, లైసెన్సు లేదన్న కారణంతో శుక్రవారం ఆ గది మూసివేస్తామని నగర కార్యాలయం ఆమె తలుపుకు నోటీసు అంటించింది.

వెర్డెల్ ఆ కాగితంతో నా వరండాకు వచ్చింది.

"మేబ్రీ జడ్జిగారూ, గది మూతపడితే కంపెనీలు నన్ను తీసేస్తాయండీ. గాలికి కప్పులెగిరిపోయినవాళ్లు పక్క కౌంటీకి పరుగెత్తాలి. నేను చేసిన తప్పేంటో మీరైనా చెప్పండి."

వీలునామాల కోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నేను, చట్టం అర్థం కాలేదంటే శ్రద్ధగా చదవలేదనే భావించేవాణ్ణి. రాష్ట్ర చట్టం శ్రద్ధగానే చదివాను. నగరం బీమా కంపెనీల నుంచి రుసుము తీసుకోవచ్చును. కంపెనీకి ఊరిలో కార్యాలయం ఉంటే దానికీ తీసుకోవచ్చును. ఏజెంటును మాత్రం ఏమీ అడగరాదు. నగర శాసనమూ చదివాను. బీమా వ్యాపారం జరిగే చోట, ప్రతి కంపెనీ పేరిటా ఒక్కొక్క లైసెన్సు గోడకు ఉండవలెను. రెండూ స్పష్టమైన వాక్యాలే. వ్యాకరణదోషమైనా లేదు. అయితే ఆ గది తమది కాదు, వెర్డెల్‌దని కంపెనీలన్నాయి. వెర్డెల్‌దైతే వెర్డెలే చెల్లించాలని నగరమన్నది. వెర్డెల్‌ను అడగరాదని రాష్ట్రమన్నది. నేను మళ్లీ మొదటినుంచి చదివాను.

మరునాడు టై కట్టుకుని నగర గుమాస్తా ఐనెజ్ పోటీట్ వద్దకు వెళ్లాను.

"ఐనెజ్, అక్కడున్నది ఒక గది."

"గది ఒకటే జడ్జిగారూ. కార్యాలయాలు మూడు."

"అదెట్లా?"

"ఒకే ఇంట్లో మూడు కుటుంబాలు అద్దెకుంటే మూడు చెత్తడబ్బాలు ఇవ్వట్లేదా? ఇదీ అంతే."

రాజధానిలోని రాష్ట్ర బీమా శాఖకు ఫోన్ చేశాను. ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా, ఒక గది ఒకే కార్యాలయమనీ, ఏజెంటును అడగకూడదనీ చెప్పింది. ఆ మాట నగరానికి చెప్పమన్నాను.

"వాళ్లు అడిగితే తప్పకుండా చెప్తాం సార్."

ఐనెజ్‌కు ఈ సంగతి తెలియజేశాను.

"వాళ్లు చెప్తే వింటాం. మేమెందుకు అడుగుతాం?"

అప్పుడు నేను ఆలోచించి వెర్డెల్‌కు ఒక మధ్యేమార్గం సూచించాను. ఒక్క కంపెనీ పేరిట, ఈ రుసుముకు ఒప్పుకోవడం లేదని రాసిచ్చి మరీ చెల్లించి లైసెన్సు తీసుకుంటే గది చట్టబద్ధమవుతుంది. చట్టబద్ధమైన గదిని ఎవరూ మూసివేయలేరు. ఏ కంపెనీకి అన్నది ఆమె సందేహం. మరణం వాయిదా వేయదగినది కాదు గనుక అంత్యక్రియల కంపెనీకే అన్నాను. ఆమె వెళ్లి అదే తీసుకుంది.

శుక్రవారం నేను ఆ గదిలో ఉండగానే పోలీసు చీఫ్ హోజియా బ్లాలాక్ తాళాలతో వచ్చాడు. గోడమీది లైసెన్సు చదివాడు. తన చేతిలోని ఉత్తర్వులు చదివాడు. టోపీ తీసి తల గోక్కున్నాడు.

"మిస్ వెర్డెల్, ఇళ్ల కార్యాలయం మూసేయాలి. కార్ల కార్యాలయం మూసేయాలి. శవాల కార్యాలయం జోలికి వెళ్లకూడదు. ఏది ఎక్కడుందో కాస్త చూపిస్తారా?"

"అన్నీ నేను కూర్చున్న చోటే ఉన్నాయి చీఫ్."

చీఫ్ నా వైపు తిరిగాడు. "జడ్జిగారూ, ఈ సలహా ఎవరిదండీ?"

"నాదే. సలహాలో లోపం లేదు," అన్నాను.

చివరకు అతడు బల్లకున్న మూడు సొరుగులలో రెండింటికి పసుపు టేపు అంటించి, గదిని కూడా అదే టేపుతో నిలువునా విభజించాడు. ఎడమవైపు రెండు వంతులు చట్టవిరుద్ధం. కుడివైపు మూడవ వంతు చట్టబద్ధం. ఇంతలో ఓలా రెయిన్‌వాటర్ వచ్చింది. రాత్రి గాలికి పెకాన్ చెట్టు ఆమె వంటింటిపై పడింది.

"వెర్డెల్, నా వంటిల్లు పోయిందే!"

"అయ్యో ఓలా, ఇళ్లది ఆ పక్క. ఆ పక్క నేను మాట్లాడకూడదట."

"మరి ఈ పక్క?"

"ఈ పక్క నువ్వు పోతేనే."

"ఓహో, వంటిల్లు కూలితే కుదరదు, నేను కూలితే కుదురుతుందన్నమాట! హోజియా, నీ బాప్టిజానికి కేకు చేసింది ఆ వంటింట్లోనేరా!"

చీఫ్ తల దించుకున్నాడు. వెర్డెల్ కుర్చీ ఎత్తుకుని బయట కాలిబాట మీద, ఉడికించిన వేరుశనగల బండి పక్కన వేసుకుని ఓలాను పిలిచింది. నగర కార్యాలయం ఎదురుగానే ఉంది. ఐనెజ్ రోడ్డు దాటి వచ్చింది.

"కాలిబాట మీద అమ్మేవాళ్లకి వేరే పర్మిట్ ఉండాలి వెర్డెల్."

"దానికెంత?"

"ఊరివాళ్లకి ఉచితం. వేరుశనగల కోసం పెట్టిన రూలు. బీమా వద్దని అందులో లేదు." అక్కడే నిలబడి రాసి ఇచ్చింది.

"మరి శాసనం మాటేమిటి, ఐనెజ్?" అన్నాను.

"అది గదుల శాసనం జడ్జిగారూ. ఇక్కడ గోడేది, తగిలించడానికి?"

జూన్‌లో నగర సభ ఈ విషయం తేలుస్తుందట. నన్ను మాట్లాడమన్నారు, ఏ పక్షాన మాట్లాడాలో ఇంకా నిర్ణయించుకోలేదు. ఆలోగా మా ఊరిలో ఇళ్లకూ కార్లకూ వీధిలో, మరణానికి లోపల బీమా జరుగుతున్నది. వెర్డెల్‌ను ఏ కంపెనీ కూడా తీసివేయలేదు.

నా ఇంటి బీమా పొడిగింపునకు వెళ్లిననాడు పెద్ద వాన పట్టుకుంది. బండి దగ్గర వేరుశనగలు కొంటున్న చీఫ్‌తో సహా అందరం గదిలోకి పరుగెత్తాం. వెర్డెల్ కలం నా చేతికివ్వబోయి ఆగి, చీఫ్ వంక చూసింది. అతడు నిట్టూర్చి, బీమా కాగితాలున్న అట్ట అందుకుని, గడప బయట నిలబడి గొడుగు విప్పాడు.

"చెయ్యి ఇటు పెట్టండి జడ్జిగారూ."

నేను లోపల నిలబడి, చేయి వీధిలోకి చాచి, అతడు పట్టుకున్న అట్టమీద సంతకం చేశాను. అది చెల్లుతుందనే నా అభిప్రాయం. ఏ చట్టం ప్రకారమని వెర్డెల్ అడిగింది. చదివి చెబుతానన్నాను.