ప్రేమమ్మ తొక్కని గడప

ప్రేమమ్మ టీచరుకి కోపం ముక్కు మీదే ఉంటుంది. డెబ్బై మూడేళ్ళొచ్చినా తగ్గలేదు. రిటైరై ఇన్నేళ్ళయినా వారానికోసారి బడికి వచ్చి హాజరు పట్టీ తిరగెయ్యందే ఆవిడకి అన్నం సయించదు. వద్దనే ధైర్యం హెడ్మాస్టరు త్రినాథ్‌కి లేదు. ఎంతైనా ఆవిడ చేత చెవి మెలిపెట్టించుకుని చదువుకున్నవాడు.

"ఎనిమిదిలో ఈ నస్రత్ ఎవర్రా? పది రోజుల్నించీ రాలేదు!"

"మిరపకాయల తొడిమలు తియ్యడానికి పోతోందంటండి. ఫోన్ చేస్తే వాళ్ళమ్మ ఎత్తట్లేదు. సోమవారం నుంచి పరీక్షలు. ఇక మానేసినట్టేనండి."

"ఫోనేంట్రా, నీకు కాళ్ళు లేవా?" అంటూనే తల్లి పేరు చూసింది. సైదాబీ. ఆ పేరు మీదే ఆవిడ వేలు ఆగింది.

ముప్పై ఏళ్ళ కిందట ఇది బడా పాడా! గుంటూరు శివార్లో మూతపడ్డ పొగాకు గోడౌను. పిచ్చయ్య మాస్టారూ తనూ కలిసి, తొడిమలు తీసే కూలీల పిల్లల కోసం అందులో బడి పెట్టారు. గోనెపట్టాలే బెంచీలు. పక్కనున్న మిరప కల్లాల మీంచి గాలి తిరిగిందంటే ఎక్కాలు సగం తుమ్ముల్లోనే పోయేవి. పిచ్చయ్య మాస్టారు తుమ్మితే పిల్లలు లెక్కపెట్టేవాళ్ళు. అబ్బ, ఏం రోజులవి! ఆ మహానుభావుడు పోయి ఎనిమిదేళ్ళయినా, తల్చుకుంటే ప్రేమమ్మకి నవ్వొస్తుంది, వెంటనే ఏడుపూ వస్తుంది.

ఒక పిల్ల బడికి రాకపోతే తెల్లారేసరికి ప్రేమమ్మ వాళ్ళ గుమ్మంలో ఉండేది. పంపనని మొండికేసిన తల్లి పక్కనే చతికిలబడి, తనూ ఓ గంట తొడిమలు తుంచుతూ, పోట్లాడి, బతిమాలి, పిల్లని రెక్క పట్టుకుని తీసుకొచ్చేది. టీచరమ్మ తొక్కని గడప లేదని పేటంతా చెప్పుకునేవాళ్ళు.

ఒక్క గడప మాత్రం తొక్కలేదు.

సైదాబీకి అప్పుడు పదేళ్ళు. ఆ రోజు ఎంత చెప్పినా బలపం పట్టుకోలేదు. "మొండితనమా?" అంటూ ప్రేమమ్మ రెండు అరచేతుల మీదా బెత్తంతో వాయించింది. పిల్ల కెవ్వుమంది. మర్నాటి నుంచి రాలేదు. ఆ వారమే ఒకింట్లో పొద్దస్తమానం తొడిమలు తీసి ఇంటికెళ్ళాక తెలిసొచ్చింది, చేతులు ఎలా భగ్గుమంటాయో. తొడిమలు తీసొచ్చిన పిల్లని మంట మీద కొట్టానే అని రాత్రంతా కుమిలిపోయింది. బెత్తం విరిచి పొయ్యిలో పెట్టింది గానీ, ఏ మొహం పెట్టుకుని ఆ ఇంటికెళ్ళాలో తోచలేదు. ఇవాళ, రేపు అనుకుంటుండగానే వాళ్ళు పొన్నూరు వెళ్ళిపోయారు.

త్రినాథ్‌ని అడిగితే, పెళ్ళయ్యాక మళ్ళీ ఈ పేటకే వచ్చిందన్నాడు. ఇప్పుడా సైదాబీ కూతురు. ప్రేమమ్మ ఆటో ఎక్కింది.

కల్లంలో ముక్కుకి గుడ్డ కట్టుకుని తొడిమలు తీస్తోంది సైదాబీ. పక్కనే నస్రత్.

"రండి టీచరమ్మా," అని గోనెపట్టా జరిపింది.

ప్రేమమ్మ కూర్చోలేదు. "ఆ రోజు నీ చేతులు మండుతున్నాయని తెలీక కొట్టానమ్మా. తప్పు నాదే. ఆ కోపం ఈ పిల్ల చదువు మీద చూపించకు."

సైదాబీ తెల్లబోయింది. "కొట్టారా? నాకు గుర్తే లేదే!"

"మరెందుకు మానేశావే?"

"మా నాన్న మంచాన పడ్డాడు. మా అమ్మ తొడిమలకి కూర్చోబెట్టింది. నేనేం బెంగపడలా. టీచరమ్మ వచ్చిద్ది, మా అమ్మతో పోట్లాడి తీసుకెళ్ళిద్దిలే అనుకున్నా. రోజూ తల దువ్వుకుని, పలక పక్కనే పెట్టుకుని కూర్చున్నా. పక్కింటి పిల్ల కోసం వచ్చారు. ఎదురింటి పిల్ల కోసం వచ్చారు. నెల రోజులు చూశా టీచరమ్మా. నేనంటే మీకిష్టం లేదనుకున్నా."

 ప్రేమమ్మ గోనెపట్టా మీద కూలబడింది. "సిగ్గుపడి రాలేదే, నా తల్లీ."

ముందున్న కుప్పలోంచి ఒక కాయ తీసి తొడిమ తుంచింది.

"దీన్ని సోమవారం పరీక్షకి పంపవే."

"అట్టా అడిగితే పంపను," అంది సైదాబీ. "మా అమ్మతో పోట్లాడేదానికి రావాల్సింది కదా? ఇప్పుడు నాతో పోట్లాడండి."

ప్రేమమ్మ కళ్ళు తుడుచుకుంది. కొంగు బిగించింది.

"ఏమే! చదువుకునే పిల్లని తొడిమలకి కూర్చోబెడతావా? బుద్ధుందా నీకు? పరీక్షలు పెట్టుకుని పది రోజులు మాన్పిస్తావా?"

కల్లంలో ఆడవాళ్ళంతా చేతులాపి చూశారు. తిట్టినకొద్దీ సైదాబీ తలూపుతూ, ముక్కు మీది గుడ్డ లాగేసి, పదేళ్ళ పిల్లలా భోరుమని ఏడ్చింది.

నస్రత్ అప్పటికే లేచి చేతులు కడుక్కుంటోంది.