వాళ్ళు వెళ్ళాక పెడతానన్న పాట

చర్చి సంఘ పెద్ద సినిమాలు చూడడమేమిటి, చోద్యం కాకపోతే! నరసాపురంలో ఉన్నన్నాళ్ళూ ప్రేమానందం సినిమా హాలు వైపు కన్నెత్తి చూసిన మనిషి కాదు. ఈ దేశం వచ్చి, ఓక్‌విల్‌లో కార్ల ప్లాంటులో చేరాకే చెడిపోయాడని ఆయన భార్య మార్తా గట్టి నమ్మకం. అక్కడ పక్కన పనిచేసే ఐరిష్ ఆయనొకడు, వాళ్ళ దేశపు గాయకులు పాడిన బ్లాక్ అండ్ వైట్ సినిమాల క్యాసెట్లు అంటగట్టాడు. అంతే! రిటైరై ఇన్నేళ్ళయినా శనివారం మధ్యాహ్నమైతే చాలు, ఈయన టీవీ ముందు బైఠాయించేవాడు.

అందులో ఒక పాటంటే మరీ పిచ్చి. ఓడరేవులో సన్నటి మనిషొకడు టోపీ చేత్తో పట్టుకుని, వాయిద్యాలేవీ లేకుండా పాడతాడు.

"మార్తా, ఈ ఒక్క పాటా వచ్చి వినవే" అని పిలిచేవాడు ప్రేమానందం.

"సినిమా పాటలు వినడానికా నేను బాప్తిస్మం తీసుకుంది?" అంటూ ఆవిడ వంటింట్లోకి పోయి గిన్నెలు చప్పుడు చేసేది. అదో పంతం.

ఇప్పుడాయన హాస్పిటల్లో ఉన్నాడు. ఇక మందులు పనిచెయ్యవని డాక్టర్లు చెప్పేశారు. ఆ మధ్యాహ్నం గొంతు కూడదీసుకుని అడిగాడు.

"ఆ పాట పెట్టవే. నువ్వూ విను. వాడు పాడేది పెళ్ళాం గురించేనే. నాకలా చెప్పడం చేతకాలేదు."

ఇన్నేళ్ళూ ఈ మాట తెలియకుండా ఎంత మూర్ఖంగా ఉండిపోయింది మార్తా! కూతురు ఫేబీ చేత ఫోనులో పాట వెతికించి, కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని కూర్చుంది.

అప్పుడే తలుపు తెరుచుకుంది. పాస్టర్ ఎరిక్ గారు, వెనక సంఘంవాళ్ళు నలుగురైదుగురు, చేతుల్లో పాటల పుస్తకాలు.

"వందనాలు ఆంటీ."

మార్తా చటుక్కున ఫోను దిండు కింద దోపేసింది. వీళ్ళ ముందు సినిమా పాటా? సంఘ పెద్దగా ఆయన పరువేం కావాలి? భర్త చెవి దగ్గర వంగి, "వాళ్ళు వెళ్ళాక పెడతానండీ. ఇద్దరం విందాం" అంది. ఆయన సరేనన్నట్టు కళ్ళు మూసి తెరిచాడు.

సంఘంవాళ్ళు పాట తర్వాత పాట అందుకున్నారు. ఒక్కో ఆమెన్‌కీ ప్రేమానందం గుమ్మం వంక చూసి, తర్వాత మార్తా వంక చూశాడు. "మామ్, టెల్ దెమ్, ప్లీజ్" అని ఫేబీ గొణిగింది. మార్తా దిండు సర్ది, ఫోను ఇంకా లోపలికి తోసింది.

"ఇంకొక్క పాట పాడుకుందాం" అన్నారు పాస్టరు గారు.

ఆ పాట సగంలో ఉండగా మార్తా చేతిలోని భర్త చెయ్యి బరువెక్కింది. పిలిచింది. కుదిపింది. ఆయన పలకలేదు.

కాసేపటికి పాస్టరు గారు కళ్ళు తుడుచుకుంటూ, "అంకుల్ ఎంత ధన్యులు ఆంటీ! కీర్తనలు వింటూ ప్రభువు దగ్గరికి వెళ్ళారు" అన్నారు.

"ఆయన వినలేదు బాబూ" అంది మార్తా. "మీరెప్పుడు లేస్తారా అని చూస్తూ పోయారు. మీకేం తెలుసు, నేను చెప్పందే! నా నోరు పడిపోను, ఒక్క మాట అనలేకపోయాను."

ఫేబీ ఏడుస్తూనే దిండు కింద నుంచి ఫోను తీసి, "షల్ ఐ ప్లే ఇట్, మామ్?" అనడిగింది.

మార్తా కూతురి చేతిని పట్టుకుని ఆపింది.

"వద్దమ్మా. ఇప్పుడు నేనొక్కదాన్నే విని ఏం చేసుకోను?"