మూడో రోజు ఫొటో

కహూరే పొద్దున్నే లేచి చేసే మొదటి పని ఆల్బం తెరిచి తిట్టుకోవడం. ఆ తర్వాతే మొహం కడుక్కోవడం, గిన్నెడు పులిసిన పాలు తాగడం, కెమెరా సంచీ భుజాన వేసుకోవడం. ఇరవై ఆరేళ్ల ఆల్బం అది. ఏ పేజీ తిప్పినా గడ్డి, దుమ్ము, ముళ్లచెట్టు, మళ్లీ గడ్డి. ఈ పేజీలో ఒకప్పుడు ఆడసింహం పిల్లని నోట కరుచుకుని ఉండేది. ఆ పేజీలో రెండు ఓరిక్స్ జింకలు కొమ్ములు మెలేసుకుని కుమ్ములాడుకునేవి. ఆ ఫొటో కోసం నీటిగుంట పక్కన పదకొండు రోజులు పడిగాపులు కాశాడు. మూడు రోజులున్నాయి, పోయాయి.

అడవి జంతువు ఫొటోలో ఉండే గడువు మూడు రోజులే. ఒచ్చివరోంగో ఊరి చుట్టుపక్కల ఇది చంటిపిల్లలకి కూడా తెలుసు. కంచెకి అలవాటుపడినదైతే ఎన్నేళ్లయినా పెట్టినచోటే పడుంటుంది. మనుషుల సంగతీ అంతే, కాకపోతే మనుషులు కదలడం బహు అరుదు. కిందటేడు దర్జీ కూతురు మాత్రం పెళ్లి ఫొటోలోంచి మూడో రోజున పోయింది. నెల తిరక్కుండా అసలు పిల్ల కూడా రాజధానికి, విండ్‌హుక్ బస్సెక్కేసింది. మగపెళ్లివారు గొడవేమీ చెయ్యలేదు, ఓలిగా ఇచ్చిన ఆవుల్ని తోలుకుని ఇంటికి పోయారు.

కహూరే ఒకసారి తెలివి ప్రదర్శించాడు. కంచె జాలీకి లెన్సు ఆనించి తీస్తే జాలీ కనబడదు. అలా జంతువుల్ని పెంచే హెన్నింగ్ దొర ఫారంలో కంచెలోని చిరుతపులిని తీసి, అడవి చిరుత అని చెప్పి సముద్రం ఒడ్డున ఒక హోటలాయనకి అంటగట్టాడు. ఏడాది గడిచినా చిరుత హాల్లో గోడమీద అలాగే కూచునుంది. హోటలాయన కారేసుకుని వచ్చి నడిబజారులో కహూరేని దులిపేశాడు. అప్పట్నుంచి అతని అడవి ఫొటో అంటే జనం నవ్వుతారు. ఇక మిగిలింది హెన్నింగ్ ఫారమే. చూడ్డానికి వచ్చినవాళ్లు కారీ అనే చీతా పక్కన కూచుంటే ఫొటో తీసివ్వడం, అంతే.

ఆ కారీని సాకింది మవేజా. తల్లి చచ్చిన పిల్లని సీసాపాలతో పెంచింది. ఆ ఫారంలోనే పుట్టి, ఫారంలోనే నలభై ఏళ్లకి వచ్చిన మనిషి. కహూరే అంటే ఆవిడకి ఒళ్లు మంట. ఆవుకొమ్ముల్లా రెండువైపులా చుట్టిన తలపాగా సర్దుకుంటూ, పనివాళ్లందరూ వినేట్టు అతన్ని "గడ్డి ఫొటోల అన్నా" అని పిలిచేది. అతనూ తక్కువ తినలేదు. తను ఎవరి దగ్గరా చాకిరీ చెయ్యలేదని, నచ్చిన దారిన పోతానని, ఆవిడకీ చీతాకీ మాత్రం కలిపి ఒకటే కంచె అని ఎత్తిపొడిచేవాడు. రెండేళ్లుగా ఒకరి మొహం ఒకరు చూసుకుని మంచిమాట అన్న పాపాన పోలేదు.

ఆ ఏడు వానల ముందు కారీకి రెండేళ్లు నిండాయి. సాకిన జంతువుకి రెండేళ్లు నిండితే అటవీ ఆఫీసువాళ్లు ఫొటో తీయిస్తారు. ఒకే ఒక్క ఫొటో. దాన్ని వాళ్ల గోడకి మూడు రోజులు తగిలిస్తారు. జంతువు ఫొటోలోంచి పోతే అడవికి వదిలెయ్యాలి, ఉంటే బతికినంతకాలం కంచెలోనే. కారీ పోతే హెన్నింగ్ ఫారానికి వచ్చే జనం ఉండరు. అందుకని దొర కహూరేని పిలిచి, తిండి పెట్టే చెయ్యి పక్కనుంటే ఏ జంతువూ ఫొటోలోంచి కదలదన్నాడు, మవేజాని కూడా కలిపి తియ్యమన్నాడు. కారీ నిలిచిందా, ఆ ఫొటోని పెద్దది చేయించి, కింద కహూరే పేరు చెక్కించి ఫారం హాల్లో పెట్టిస్తానన్నాడు. ఫారంలో సామాను కొట్టు పక్క గది కూడా ఇస్తానన్నాడు. కహూరేకి గది మాట సరిగా వినబడనేలేదు. నిలిచే ఫొటో, కింద తన పేరు. వెంటనే ఒప్పేసుకున్నాడు.

తీసే రోజు సాయంకాలం అటవీ అధికారిణి పక్కనే కుర్చీ వేయించుకుని కూచుంది. ఎండ ఏటవాలుగా పడుతోంది. కారీ ఇసుకలో కూచుంది. కహూరే గొంతులో తేనె పోసుకుని, నువ్వు పక్కనుంటే అది బెదరదు, వచ్చి కూచో అన్నాడు మవేజాతో.

మవేజా అతన్ని ఎగాదిగా చూసింది.

"ఎందుకు కూచోమంటున్నావో నాకు తెలీదనుకున్నావా? దొర నీకేం ఎర వేశాడో కూడా తెలుసు."

"తెలిస్తే మానెయ్. అది బెదిరి పరిగెత్తితే ఫొటో చెడుతుంది. చెడితే ఇంకో ఏడాది ఆగాలి, నీ ఇష్టం."

"కూచుంటాను. నేనున్నా అది పోతుంది. దానికి నీలా ఒకరి చేతికేసి చూసే బుద్ధి నేను నేర్పలేదు."

ఆ మాట కహూరేకి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. చెవులు వేడెక్కాయి. మీట నొక్కాక, అధికారిణి కెమెరాలోంచి కార్డు తీసుకుని కాగితంలో చుట్టేశాక గాని అతను నేలకేసి చూడలేదు. చూస్తే, వెనక ఎండకి అతని నీడ పొడుగ్గా సాగి మవేజా పాదాల దాకా పడి ఉంది. నిన్నగాక మొన్న కెమెరా పట్టినవాడు చేసే తప్పు. ఇరవై ఆరేళ్లలో ఒక్కసారీ చెయ్యలేదు. ఇంకొకటి తీస్తానని బతిమాలాడు. ఒక్కటే ఫొటో, అదే రూలు అందావిడ.

మొదటి రోజు ఆఫీసు గోడమీద చీతా ఉంది, మవేజా ఉంది, నీడ ఉంది. కహూరే పొద్దుట్నుంచి సాయంత్రం దాకా బల్లమీద కూచుని కాపలా కాశాడు. రెండో రోజు కారీ లేచి నిలబడింది. మవేజా తల పక్కకి తిప్పింది. కహూరే బల్లమీంచి లేచాడు. ఉండవే తల్లీ, నీకు పుణ్యముంటుంది, ఒక్కదానివైనా ఉండవే అని కారీకి లోపల్లోపల మొక్కుకున్నాడు. తను జన్మలో ఏ జంతువునీ అంత దీనంగా అడగలేదు.

మూడో రోజు ఆఫీసు తలుపు తీసేసరికి హెన్నింగ్, మవేజా, కహూరే ముగ్గురూ గుమ్మంలోనే ఉన్నారు. ఫొటోలో చీతా లేదు. మవేజా కూడా లేదు. ఖాళీ ఇసుక, వెనక కంచె. ఆ ఇసుకమీద కహూరే నీడ మాత్రం ఉంది, కెమెరా పట్టుకుని, మోచేతులు బయటికి పెట్టుకుని, అంగుళం కూడా కదలకుండా.

అధికారిణి కళ్లజోడు పెట్టుకుని దగ్గరగా చూసింది. చీతా కాగితం మీద వదిలెయ్యాలని ముద్ర గుద్దింది. మవేజాని చూసి, నువ్వెప్పుడమ్మా ప్రయాణం అని అడిగింది, బస్సు టైము అడిగినట్టు. మవేజా తలపాగా సర్దుకుంది. తర్వాత, కారీని వదిలిన రోజే అంది. అప్పటిదాకా ఆ సంగతి ఆవిడకీ తెలిసినట్టు లేదు.

హెన్నింగ్ దొర మొహం కందగడ్డయింది. రెండు తిట్లు తిట్టుకున్నాక గోడకేసి ఇంకోసారి చూశాడు. వచ్చే వారం ఉత్తరాన్నుంచి ఇంకో రెండు చీతా పిల్లలొస్తున్నాయని, సాకడానికి నమ్మకంగా ఉండే మనిషి కావాలని అన్నాడు. ఎవర్ని ఉద్దేశించి అన్నాడో ఎవరూ అడగలేదు.

తర్వాతి వారం చీతా పిల్లలు రెండూ వచ్చాయి, కారీని కొండల అవతల వదిలారు. కహూరే వెళ్లలేదు, కంచె దగ్గరే ఉండిపోయాడు. సాయంత్రం మవేజా మూట చంకన పెట్టుకుని కంచె దగ్గరికి వచ్చింది. మాంసం బాల్చీ, తాళాల గుత్తి అతని ముందు పెట్టింది.

"పొద్దున ఆరింటికి, సాయంత్రం నాలుగింటికి. ఆలస్యమైతే అరుస్తాయి."

"నేనెందుకు పెడతాను? నేను ఎవరి దగ్గరా పని చెయ్యను."

"సరే, చెయ్యకు," అని మవేజా రోడ్డెక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు.

కహూరే అక్కడే నిలబడి ఆవిడని వినబడేలా తిట్టాడు. దొరని తిట్టాడు. ఆల్బంలోంచి పారిపోయిన ఇరవై ఆరేళ్ల జంతువుల్ని పేరుపేరునా తిట్టాడు. పారిపోవడం వాటికి ఎవరు నేర్పారు, తనకెందుకు నేర్పలేదు అని ఏడుపొచ్చింది. కంచె దాటితే రోడ్డు, రోడ్డు దాటితే ఎటైనా పోవచ్చు. బాల్చీ మీద ఈగలు ముసిరాయి. మాంసం పాడైపోతుందని వంగి బాల్చీ ఎత్తి నీడలో పెట్టాడు.

నిలిచింది నీడే అయినా దొర మాట తప్పలేదు. ఫొటో పెద్దది చేయించి హాల్లో పెట్టించాడు, కింద కహూరే పేరు చెక్కించాడు. ఏళ్లు గడిచాయి, అది చెక్కు చెదరలేదు. కొత్తగా వచ్చినవాళ్లు దాని ముందు ఆగి, ఇందులో జంతువేదండీ, ఉట్టి ఇసుకేగా అంటారు. కహూరే బాల్చీ కింద పెట్టి, తడిచెయ్యి లాగుకి తుడుచుకుని నీడమీద వేలు పెట్టి చూపిస్తాడు.

"నేను. ఇక్కడే ఉంటాను."