వెన్నుముల్లు కింద నల్లగీత

జోగులుకు నొప్పి మొదట పడవలోనే వచ్చింది. వల సగం పైకి లాగి ఉండగా కుడి డొక్కలో ఎవరో చెయ్యి పెట్టి మెలిపెట్టినట్టయింది. ఆ మెలి జారుకుంటూ ముందుకొచ్చి పొత్తికడుపు దిగువన ఆగింది. తాడు వదిలేసి పడవ అడుగున ముడుచుకుని పడిపోయాడు. జతగాడు మల్లేశు నీళ్ళలో ఉన్న వలను కోసి సముద్రానికి వదిలేసి, పడవను జంగ్లీఘాట్ ఒడ్డుకు తెచ్చాడు. విశాఖలో ఓడెక్కి ఇద్దరూ కలిసే దీవులకొచ్చారు, కలిసే పడవ కొనుక్కున్నారు. అయినా కొత్త వలను అలా వదులుకోవడం ఎవరికైనా కష్టమే. ఆ మేలు జోగులు ఇంటివాళ్ళు ఇప్పటికీ మరవలేదు.

ఏమైందని ఎవరడిగినా జోగులు "కడుపునొప్పి" అనేవాడు. అంతకు మించి చెప్పడానికి నోరు రాలేదు. ఒంటికి వెళ్తే మంట, ఒక్కోసారి ఎర్రగా రావడం. ఇవి ఎదిగిన కూతురున్న ఇంట్లో అనే మాటలా? భార్య కామమ్మ వాము నమిలించింది, జీలకర్ర కషాయం కాచింది. వాళ్ళుండే బతు బస్తీలో పక్కింటి బెంగాలీ దీదీ రెండు పూటలా మెత్తగా అన్నం వండి పంపింది. పాపం అందరూ కడుపుకే వైద్యం చేశారు. చివరికి వాంతులు పట్టుకుని జోగులు కళ్ళు తేలేస్తే, మల్లేశు జీపు మాట్లాడి ఆస్పత్రికి తీసుకుపోయాడు.

అక్కడ ఎక్స్‌రే తీస్తే కుడి మూత్రపిండంలో, గొట్టం మొదలయ్యే చోట, రాయి కనబడింది. డాక్టరు ఉత్తరాది మనిషి. చిన్నవాడే కాని మాట నిదానం.

"గుర్దే మే పథరీ హై," అన్నాడు.

గుర్దా అంటే ఏమిటో, పథరీ అంటే ఏమిటో దీవుల్లో తెలియనివాళ్ళు లేరు. రాయి దిగడానికి మందిస్తారు కాబోలనుకున్నాడు జోగులు. అంత రాయి మందుకు దిగదనీ, మూత్రం కిందికి రాక గుర్దా ఉబ్బిపోతోందనీ, రేపే ఆపరేషన్ చెయ్యకపోతే అది పనికి రాకుండా పోతుందనీ డాక్టరు చెప్పాడు. కోత ఎక్కడ పెడతాడో చూపిస్తూ జోగులు వీపు మీద, పక్కటెముకల దిగువన, వేలితో అడ్డంగా గీశాడు.

గొడవంతా అక్కడే వచ్చింది.

"దర్ద్ ఇధర్ హై సాబ్," అని జోగులు నొప్పి ఉన్న ముందువైపు చూపించాడు. తర్వాత మల్లేశు వైపు తిరిగాడు. "సూడరా. ముందు తలుపు బిగుసుకుపోతే యెనక గోడ పగలగొడతానంతన్నాడు."

"డాక్టర్ సాబ్‌కి తెల్దేటిరా?"

"నానొప్పను. ఇంటికెల్లి కొండపిండాకు రసం తాగుతాను. నడ్డి కోయించుకుంటే మరి వల లాగినట్టే నాను."

డాక్టరు విసుక్కోలేదు. మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. అతను ఎంత ఓపికగా వీపు చూపిస్తే జోగులుకు అంత అనుమానం పెరిగింది. "సాయంత్రం దాకా ఆలోచించుకో, ఇంటికి మాత్రం వెళ్ళకు," అని చెప్పి డాక్టరు వేరే మంచం దగ్గరికి వెళ్ళాడు. జోగులు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కామమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

కూతురు నూకరత్నం మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉంది. తొమ్మిదో తరగతి చదువుతోంది కాని, పరాయివాళ్ళుంటే ఆ పిల్ల నోట మాట రాదు. తండ్రి అంటున్నది తప్పని దానికి తెలుసు. ఎందుకు తప్పో కూడా తెలుసు. అది బడిలో భారతీదేవి టీచరు పెట్టిన భిక్ష.

విసర్జక వ్యవస్థ పాఠం మొదలుపెట్టగానే క్లాసంతా ముసిముసిగా నవ్వింది. టీచరు కోప్పడలేదు. "మీ ఒంట్లో రాత్రీపగలూ మీకోసం పనిచేసేవాటి పేరు చెప్పడానికి సిగ్గెందుకమ్మా?" అని ఒక్కొక్కరినీ లేపి చెప్పించింది. మూత్రపిండాలు, మూత్రనాళాలు, మూత్రాశయం, ప్రసేకం. రత్నం వంతు వచ్చేసరికి పెదవులు మాత్రమే కదిలాయి. టీచరే బెంచీ దగ్గరికొచ్చి, వంగి, చెవి దాని నోటి దగ్గర పెట్టింది. "విన్నాను, సరిగ్గా చెప్పావు," అని వీపు తట్టింది. ఆవిడ చేప ముట్టని మనిషి. అయినా చేపలకు అవి ఎక్కడ ఉంటాయో కూడా చెప్పింది.

ఇప్పుడు రత్నం తల్లి దగ్గరికి జరిగింది. తండ్రి వైపు చూడకుండా, మల్లేశు వైపు అసలే చూడకుండా, తల్లితో మాట్లాడింది.

"అమ్మా, సూర సేపని ఉప్పుకి కోసినపుడు, పేగులన్నీ తీసీసినాక, వెన్నుముల్లు కింద మరేటో గీకుతావు కదా?"

"ఇప్పుడు సేపల మాటలేటే నీకు?"

"సెప్పమ్మా."

"నల్ల నెత్తురు గీత. అది గీక్కపోతే ఎండుసేప పాడైపోద్ది."

"అది పొట్టలో పేగులతో ఉంటాదా?"

"పేగులతో ఏటి? నడ్డికంటుకుని ఉంటాది. కత్తిమొనతో గీకితే గాని రాదు."

"అదే సేప మూత్రపిండం. మా టీచరు సెప్పినారు. మనిసికీ అలగే నడ్డికంటుకుని ఉంటాదంట."

మంచం మీద కదలిక వినిపించింది. జోగులు ఇటు తిరిగాడు. "అది గడ్డకట్టిన నెత్తురు కదేటే?"

"కాదయ్యా. నెత్తుర్ని వడకట్టేది. అందుకే అంత నల్లగుంటాది."

"ఎన్ని సేపలు కోసినానో. సేపకీ గుర్దా ఉంటాదని నాకు తెలీదురా," అన్నాడు మల్లేశు.

"నువ్వెక్కడ కోసినావు? మీ ఆడది కోసింది, నువ్వు తిన్నావు," అంది కామమ్మ కళ్ళు తుడుచుకుంటూనే. పక్క మంచం మీద తెలుగు ముసలాయన ఫక్కున నవ్వాడు.

జోగులు నవ్వలేదు. "మరి నొప్పి ముందుకెందుకొచ్చినాది?"

ఇక తల్లిని అడ్డం పెట్టుకునే వీల్లేదు. రత్నం మంచం అంచున కూర్చుని దుప్పటి మీద వేలితో గీసింది. "అక్కణ్ణించి సన్నగొట్టం ఒకటి దిగుతాదయ్యా. మూత్రనాళం. అది కిందకొచ్చి ముందున్న సంచిలో కలుస్తాది. ఆ సంచి మూత్రాశయం. రాయి పైన అడ్డం పడితే, నొప్పి గొట్టం ఎంట ముందుదాకా లాగుతాది."

"ముందునించే కొయ్యొచ్చు కదా?"

"ముందునించి ఎల్తే పేగులన్నీ దాటాల. ఎనకనించి దగ్గర దారి."

పక్క మంచాలవాళ్ళంతా వింటున్నారని అప్పుడు తెలిసింది దానికి. కాని ఎవరూ నవ్వలేదు. జోగులు చెయ్యి వెనక్కి పెట్టి తన పక్కటెముకల దిగువన తడుముకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. గాలి ఎటు తిరుగుతుందో చూసేటప్పుడు పడవలో అలా ఉంటాడని మల్లేశుకు తెలుసు. అందుకే తొందరపెట్టలేదు.

సాయంత్రం డాక్టరు రాగానే జోగులే మాట్లాడి వెనకనుంచి కోతకు ఒప్పుకున్నాడు. "ఠీక్ హై సాబ్. పీఛే సే కాటో." ఆ తర్వాత వల మాట అడిగాడు. గుర్దా తియ్యననీ, రాయి మాత్రమే తీస్తాననీ, గాయం గట్టిపడేదాకా బరువు లాగకుండా ఉంటే మళ్ళీ వల పట్టొచ్చనీ చెప్పాడు డాక్టరు.

ఆపరేషన్ బాగా జరిగింది. రాయి చింతగింజంత ఉంది, మొనలు తేలి. తెలివొచ్చాక జోగులు కప్పు వైపు చూస్తూ పడుకుని, ఎవరెవరికి దండం పెట్టుకోవాలో తనలో తాను చెప్పుకున్నాడు. డాక్టర్ సాబ్. మల్లేశు. అన్నం పంపిన దీదీ. ఒళ్ళు తుడిచిన కేరళ సిస్టరు.

"మీ టీచరమ్మకి ఏటిద్దామే?" అన్నాడు.

"ఏటీ తీసుకోరయ్యా."

"అయితే నానే ఎల్లి కనబడతాను. మనిసి నడిసొత్తే సాలు ఆయమ్మకి."

ఆపరేషనప్పుడు మూత్రం పోవడానికి పెట్టిన రబ్బరు గొట్టాన్ని కొన్నాళ్ళకు తీసేశారు. ఇకనుంచి తనంతట తనే వెళ్ళాలనీ, మధ్యాహ్నం దాకా రాకపోతే మళ్ళీ గొట్టం వెయ్యాల్సి వస్తుందనీ సిస్టరు చెప్పింది. జోగులు గ్లాసు మీద గ్లాసు నీళ్ళు తాగాడు. మల్లేశు భుజం పట్టుకుని రెండుసార్లు వెళ్ళి, ఉత్తినే తిరిగొచ్చాడు. మూడోసారి వెళ్ళినవాడు ఎంతకీ రాలేదు. కామమ్మ తలుపు వైపే చూస్తూ కూర్చుంది.

వచ్చాడు. గోడ పట్టుకుని, చెమటలు కక్కుతూ. భార్యను కాదు, మల్లేశును కాదు, కూతుర్ని పిలిచాడు.

"రత్నం. మూత్రం వచ్చీసినాదమ్మా."

"ఎర్రగా ఉందా అయ్యా?"

"లేదు. నీళ్ళలాగే ఉంది."

రత్నం వార్డు మధ్యలోంచి నడిచి సిస్టరు దగ్గరికి వెళ్ళి, అందరికీ వినబడేటట్టే హిందీలో చెప్పింది. సిస్టరు చేతిలో ఉన్న మందుల ట్రే అక్కడే పెట్టేసి వచ్చింది. జోగులు మోచెయ్యి పట్టుకుని మంచం దాకా నడిపించి, గ్లాసులో నీళ్ళు పోసి చేతికిచ్చింది. జోగులు ఆ నీళ్ళు కూడా తాగాడు.