రెండు వేళ్ళ తీర్పు

నేను ఒక ఇనప కుర్చీని. ఇంట్లో వేసుకునే కుర్చీని కాదు. వాలీబాల్ కోర్టులో నెట్టు స్తంభం పక్కన నిచ్చెనలా నిలబడి ఉంటానే, పైన చిన్న చెక్క, చెక్క మీద విజిల్ పట్టుకున్న ఒక పెద్దమనిషి, ఆ పెద్దమనిషి కింద ఉండేదాన్ని. ఆట చూడ్డానికి వచ్చినవాళ్ళు బంతిని చూస్తారు, రిఫరీని తిడతారు, నన్ను మాత్రం పట్టించుకోరు. అందుకు నాకేం బాధ లేదు. ఈ వయసులో ఎవరైనా పట్టించుకుంటేనే విసుగ్గా ఉంటుంది.

నన్ను చేసింది బస్టాండు వెనక షెడ్డులో ఒక వెల్డరు. ఇంటి నుంచి క్యారియరు వచ్చేసింది, అతను ఆకలి మీద ఉన్నాడు. ఆ తొందరలో నా మూడో మెట్టు వంకరగా అతికించాడు. "ఎక్కేవాడు పైకి చూస్తాడుగానీ మెట్టు చూస్తాడా" అని తనకు తనే చెప్పుకుని అన్నానికి కూర్చున్నాడు. ఆనాటి నుంచీ నన్ను ఎక్కిన ప్రతి రిఫరీ మూడో మెట్టు దగ్గర తూలాడు. తూలి, ఎవరైనా చూశారేమోనని కిందికి చూశాడు. చూశాక మొహం గంభీరంగా పెట్టుకుని పైన కూర్చున్నాడు. నా మీద కూర్చున్నవాళ్ళ గాంభీర్యంలో సగం ఆ మూడో మెట్టు పెట్టిందే.

ఆకుపచ్చ రంగు వేసి నన్ను కాలేజీ గ్రౌండుకు తెచ్చారు. గుంటూరు జిల్లా అంచున, సముద్రపు గాలి తగిలే ఊరు. ఆ ఉప్పుగాలికి ఏ రంగూ నిలవదు. నిలిచింది నా వీపు మీద రాసిన దాత పేరొక్కటే: "పున్నారావు ఎరువుల కొట్టు వారి విరాళం". కాలేజీ పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండేది, అది మొదటి వానాకాలంలోనే పోయింది.

ఆ పున్నారావు రోజూ సాయంత్రం కొట్టు కొడుక్కి అప్పగించి గ్రౌండుకు వచ్చేవాడు. ఆయనతోపాటు కోటిరత్నం మాస్టారు వచ్చేవారు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా రిటైరైన మనిషి, రిఫరీ బ్యాడ్జీ ఉన్నవారు. వెనకాల ఇంకో పదిమంది. అందరూ నా కాళ్ళ దగ్గర చేరి, నా మెట్లకు చొక్కాలూ సంచులూ తగిలించి, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కుర్రాళ్ళ జాతకాలు చెప్పేవారు. ఏటా కాలేజీకి ఒక కొత్త కుర్రాడు వస్తాడు. వినాయక చవితికల్లా వీళ్ళు వాణ్ణి ఇండియా జట్టులోకి తీసుకుంటారు, దీపావళికల్లా తీసేస్తారు. వాడికి ఈ రెండు సంగతులూ తెలియవు.

అలా వచ్చినవాడే నాంచారయ్య. రేవు దగ్గర పల్లెవాడు, తండ్రి పడవ మీద వేటకు వెళతాడు. వీడు లిఫ్టరు. అంటే బంతిని కొట్టేవాడు కాదు, కొట్టేవాళ్ళకు అందించేవాడు. ఎవరికి, ఎంత ఎత్తులో, ఎప్పుడు అందించాలో క్షణంలో తేల్చుకోవాలి. జట్టంతా వాడి వేళ్ళ మీద నడుస్తుంది. చప్పట్లు మాత్రం కొట్టినవాడికి పోతాయి. పది వేళ్ళూ ఒక్కసారే తగిలి బంతి బయటికి పోవాలి. ఒక చెయ్యి ముందూ ఒక చెయ్యి వెనకా తగిలితే అది డబుల్, తప్పు. అప్పుడు రిఫరీ విజిల్ వేసి రెండు వేళ్ళు చూపిస్తాడు. డబుల్ అయిన బంతి గిరగిరా తిరుగుతుంది. నాంచారయ్య చేతుల్లోంచి వెళ్ళే బంతి తిరిగేది కాదు. అంత ఎత్తు నుంచి నేను దాని మీద అచ్చు వేసిన అక్షరాలు తీరిగ్గా చదువుకునేదాన్ని.

"చూశావా పున్నారావ్, బంతి తిరగట్లా," అనేవారు మాస్టారు. "వలలు అల్లిన వేళ్ళయ్యా అవి. వీడు ఇండియాకి ఆడకపోతే నేను మీసం తీసేస్తా."

"వేళ్ళు బాగానే ఉన్నయ్ మాస్టారూ, నేను కాదన్లా. బుర్రే లేదు. ఎప్పుడు చూసినా ఎడం పక్కకే ఇస్తాడు. గట్టి జట్టు తగిలితే ఇట్టే కనిపెట్టేస్తారు."

"పద్దెనిమిదేళ్ళ పిల్లోడయ్యా. బుర్ర నిదానంగా వస్తది."

"మీ బుర్ర ఇంకా రాలా, వాడికెట్టా వస్తది?"

మిగతావాళ్ళు నవ్వేవారు. ఇదంతా జరుగుతున్నంతసేపూ నాంచారయ్య నా కింది మెట్టు మీద కూర్చుని బూట్లు విప్పుకుంటూ ఉండేవాడు. సంతలో గేదెను బేరమాడేవాళ్ళు గేదెను అడగరు కదా, వీళ్ళూ అంతే. ఒక్కసారి మాత్రం మిగతావాళ్ళు వెళ్ళాక వాడు మాస్టారితో మాట్లాడాడు. యూనివర్సిటీ జట్టుకు ఎంపికైతే ఆటల కోటాలో ఏదో ఒక ఉద్యోగం వస్తుందని ఎవరో చెప్పారట.

"మా నాన్న పడవలో చోటు నాకు ఎప్పుడూ ఉంటదండీ," అన్నాడు. "అందుకే నాకు ఇక్కడ చోటు కావాలి."

మాస్టారు వాడి భుజం తట్టారు. వాడి కోసం ఆయన ఊళ్ళో అందరితోనూ వాదించారు, కాలేజీ ప్రిన్సిపాలు దగ్గరికి వెళ్ళి వాడి ఫీజు మాట్లాడారు. అందువల్ల ఆ కుర్రాడు మాస్టారి మనిషని జిల్లా అంతా తెలిసిపోయింది. కొంప ముంచింది అదే.

ఎంపిక మ్యాచి మా గ్రౌండులోనే పెట్టారు. నల్ల కళ్ళద్దాల సెలెక్టర్లు ఇద్దరు వచ్చి షామియానా కింద కూర్చున్నారు. రావలసిన రిఫరీ బస్సు ఎక్కడో రాస్తారోకోలో ఇరుక్కుంది. బ్యాడ్జీ ఉన్న మనిషి కోటిరత్నం మాస్టారొక్కరే. ఆయన్ని ఎక్కమన్నారు. వెంటనే అవతలి కాలేజీ వాళ్ళు లేచారు. "ఆయనెట్టా చేస్తాడండీ? ఆ లిఫ్టర్ని నెత్తిన పెట్టుకుని ఊరేగేది ఆయనేగా!" అని గోల పెట్టారు. మాస్టారి మొహం ఎర్రబడింది. "విజిల్ నోట్లో పెట్టుకున్నాక నాకు నా కొడుకైనా ఒకటే" అని నన్ను ఎక్కడం మొదలుపెట్టారు. మూడో మెట్టు దగ్గర తూలారు. కిందికి చూశారు. అవతలివాళ్ళు నవ్వుతున్నారు.

మొదటి సెట్టు బాగానే గడిచింది. రెండో సెట్టులో మనవాళ్ళు చెడ్డ పాసు ఒకటి ఇచ్చారు. బంతి పక్కకు పోతోంది. నాంచారయ్య పరుగెత్తి, ఒంటి కాలి మీద తిరిగి, పది వేళ్ళతో దాన్ని లేపాడు. అది నా కళ్ళ ముందు నుంచే వెళ్ళింది. దాని మీది అక్షరాలన్నీ చదివాను.

"డబుల్!" అని అవతలివాళ్ళు అరిచారు.

మాస్టారు నా చెక్క అంచుకు జరిగారు. ఆయన కూడా ఆ అక్షరాలు చూశారని నాకు తెలుసు, నా మీద కూర్చున్న మనిషి ఒంట్లో ఏం జరుగుతోందో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఆయన అవతలివాళ్ళ వైపు చూశారు. షామియానా వైపు చూశారు. విజిల్ మోగింది. రెండు వేళ్ళు లేచాయి.

ఆ తర్వాత వాళ్ళు అరిచినప్పుడల్లా విజిల్ మోగుతూనే ఉంది. ఒకసారి వేశాక రెండోసారి వేయకపోతే మొదటిది తప్పని ఒప్పుకున్నట్టే కదా. మాస్టారు అన్యాయం చేద్దామని ఆ పని చేయలేదు. అన్యాయం చేశాడని అనిపించుకోకూడదని చేశారు. మనుషుల్లో మంచివాళ్ళతో ఉన్న చిక్కే అది. నాకు ఒళ్ళు మండిపోయింది, కానీ ఇనుముకు ఒళ్ళు మండితే ఎవరితో చెప్పుకుంటుంది?

చెప్పింది పున్నారావు. ఏడాది పొడుగునా వాడికి బుర్ర లేదన్న మనిషి గీత దాకా దూసుకొచ్చి చేతులు ఊపుతూ అరిచాడు.

"అదెట్టా డబులయ్యా! తిరిగిందా బంతి? కళ్ళున్నయ్యా నీకు? క్లీన్ బాలది, క్లీన్!"

పాతికేళ్ళ స్నేహంలో ఆయన మాస్టార్ని నువ్వు అనడం అదే మొదలు. మాస్టారు ఆట ఆపించారు. "ఆయన్ని బయటికి పంపండి" అన్నారు, మొహం చూడకుండా.

"నేనిచ్చిన కుర్చీ మీద కూర్చుని నన్నే బయటికి పొమ్మంటావా? వెనక్కి తిరిగి పేరు చదువుకో!"

ఇద్దరు లెక్చరర్లు ఆయన్ని గేటు దాకా తీసుకెళ్ళారు. మిగతా ఆటంతా ఆయన స్కూటరు సీటు మీద నిలబడి ప్రహరీ గోడ మీంచి చూశాడు, గొంతు పోయేదాకా "క్లీన్" అని అరుస్తూనే ఉన్నాడు.

నాంచారయ్య ఒక్కసారి తలెత్తి మాస్టారి వైపు చూశాడు. కోపంగా చూడలేదు. లెక్క తప్పిన పిల్లవాడు ఎక్కడ తప్పానో చెప్పండి అన్నట్టు చూశాడు. ఆ తర్వాత వేళ్ళు వాడడం మానేసి, రెండు ముంజేతులూ కలిపి బంతిని బండగా పైకి నెట్టడం మొదలుపెట్టాడు. అలా ఇచ్చిన బంతిని ఎవరు కొట్టగలరు? మనవాళ్ళు ఓడిపోయారు. సెలెక్టర్లు అవతలి లిఫ్టరు పేరు రాసుకుని కారెక్కారు. నాంచారయ్య నా కింది మెట్టు మీద కూర్చోకుండా, నిలబడే బూట్లు విప్పి, వాటిని చేత్తో పట్టుకుని ఇసక మీద నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. మళ్ళీ గ్రౌండుకు రాలేదు. తండ్రి పడవలో చోటు ఉంది కదా.

తర్వాత జరిగినదే నన్ను నిజంగా అలసిపోయేట్టు చేసింది. నెల తిరక్కుండా స్నేహితులిద్దరూ మళ్ళీ నా కాళ్ళ దగ్గర చేరారు, మళ్ళీ నాంచారయ్య గురించే వాదన. కాకపోతే ఇద్దరూ వైపులు మార్చుకున్నారు. "వాడి చేతిలో మొదట్నించీ డబుల్ ఉందయ్యా, నేనే అభిమానం కొద్దీ చూడలా" అనేవారు మాస్టారు. "ఇండియాకి ఆడాల్సినోడు" అనేవాడు పున్నారావు. ఒకరి మాటలు ఒకరు అరువు తెచ్చుకుని అంతే ఉత్సాహంగా పోట్లాడుకునేవారు. కొత్త కుర్రాళ్ళు వచ్చారు, పోయారు. వాదన మాత్రం తిరిగి తిరిగి వాడి దగ్గరికే వచ్చేది. మాస్టారికి వాడు ఆటగాడు కాకుండా ఉండడం చాలా అవసరం. వాడు ఆటగాడైతే ఆయన బతకడం కష్టం.

ఏళ్ళు గడిచాయి. కాలేజీకి చక్రాలున్న అల్యూమినియం స్టాండు వచ్చింది, నన్ను స్టోరురూము వెనక పడేశారు. అప్పుడప్పుడూ బూజు దులపడానికి తీసేవారు, ఎన్నికలప్పుడు ఎవరో ఫ్లెక్సీలు కట్టుకోవడానికి పట్టుకుపోయి, మళ్ళీ తెచ్చి పడేసేవారు. చివరికి విరిగిన బెంచీలతో కలిపి అమ్మేశారు. కొనుక్కున్నవాడు ట్రాలీ ఆటో దిగి నా దగ్గరికి వచ్చి, మూడో మెట్టును అరచేత్తో నిమిరాడు. జుట్టు పలచబడింది. వేళ్ళు మాత్రం అవే.

"ఇది వంకరగా ఉంది, చూశావా?" అంది పక్కనున్న ఆయన భార్య సామ్రాజ్యం.

"తెలిసిన వంకరేలే," అన్నాడు నాంచారయ్య.

పడవ తుపానులో పోయాక వేట మానేశాడట. టెంట్ హౌసులో కుర్చీలు మోసి, చివరికి సొంతంగా షామియానాలూ లైట్లూ పూలూ పెట్టుకున్నాడు. నేను ఊరూరా పెళ్ళిళ్ళు తిరిగాను. విజిల్ లేదు, అరుపులు లేవు. తీర్పులు చెప్పేవాళ్ళ బరువు మోసిన ఒంటికి సీరియల్ లైట్లు కట్టేవాడి బరువు హాయిగానే ఉంది.

మొన్న పున్నారావు మనవరాలి ఓణీల ఫంక్షనుకు పందిరి మాకే వచ్చింది. కోటిరత్నం మాస్టారు అందరికన్నా ముందే వచ్చి కుర్చీలో కూర్చున్నారు. చేతిలో కర్ర, కాళ్ళకు మేజోళ్ళు. పున్నారావు పక్కన కూర్చున్నాడు. నేనక్కడే ఉన్నాను, నా పైమెట్టు మీద నాంచారయ్య ఉన్నాడు, చామంతి పూల బంతులు కడుతున్నాడు. వాళ్ళిద్దరూ ఎప్పటిలాగే మొదలుపెట్టారు, ఎప్పటిలాగే వాణ్ణి అడగలేదు.

"డబులే పున్నారావ్. నూటికి నూరుపాళ్ళు డబులే."

"కాదు మాస్టారూ. చచ్చేలోపు ఒప్పుకోండి, మీకే మంచిది."

"పున్నారావు గారూ, ఆ బంతి ఇటు అందించండి," అన్నాడు నాంచారయ్య పైనుంచి.

పున్నారావు బుట్టలోంచి పూలబంతి తీసి, మాట ఆపకుండా, చూడకుండా పైకి విసిరాడు. అది పక్కకు పోయింది. నాంచారయ్య ఒంటి కాలి మీద తిరిగాడు. పది వేళ్ళు దాని కింద చేరాయి. పట్టుకోలేదు. పందిరి అవతల బల్ల మీద నిలబడ్డ సామ్రాజ్యం వైపు లేపాడు. పూలబంతికి కట్టిన పొడుగాటి దారం తిన్నగా వేలాడుతూనే వెళ్ళింది, ఎక్కడా చుట్టుకోలేదు. ఒక్క రేకు రాల్లేదు. సామ్రాజ్యం దాన్ని గుండెల దగ్గర పట్టుకుంది.

మాస్టారు కర్ర ఊతగా లేచి నిలబడ్డారు. చాలాసేపు పైకి చూశారు.

"క్లీన్," అన్నారు.

ఇన్నేళ్ళూ ఆ ఒక్క మాట కోసం గొంతు చించుకున్న పున్నారావు బుట్టలోంచి ఇంకో పూలబంతి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అయితే పాయింటు మాకిచ్చెయ్యండి మాస్టారూ," అన్నాడు నాంచారయ్య. నవ్వుతూనే అన్నాడు. కానీ నన్ను పట్టుకున్న చెయ్యి బిగుసుకుంది.

మాస్టారు కర్రను ఎడమచేతిలోకి మార్చుకున్నారు. కుడిచెయ్యి పూర్తిగా చాచారు, రిఫరీ పాయింటు ఇచ్చేటప్పుడు చాచినట్టే. నా మీద కూర్చుని ఎంతమంది ఎన్నిసార్లు చేతులు చాచారో చెప్పలేను. అన్నీ ఎడమకో, కుడికో పోయేవి. నా వైపు చాచిన చెయ్యి అదొక్కటే చూశాను.

నాంచారయ్య కిందికి వంగాడు.

"ఇంక దించండి మాస్టారూ, చెయ్యి నొప్పెడుతుంది."

ఆయన దించలేదు.